షరా గడిలో సేరు తవుడు

బాగేపల్లి నుంచి చింతామణికి పోయే దారిలో ఒక బియ్యం మిల్లు ఉంది. బస్సు దాని ముందు మలుపు తిరిగేటప్పుడు కిటికీలోంచి వెచ్చటి తవుడు వాసన లోపలికి వస్తుంది. పక్కన కూర్చున్నవాళ్ళకు ఆ వాసనతో పాడి ఆవులో, పాల డెయిరీయో గుర్తుకొస్తాయేమో. నాకు మాత్రం రెండు చెవులూ ఒకేసారి మండుతాయి. యాభై దాటినవాణ్ణి, మిగిలిన వెంట్రుకలను ఒక్కొక్కదాన్నే పేరు పెట్టి పిలవగలిగినంత బట్టతలవాణ్ణి, ఆ మలుపు దాటేదాకా సీట్లో చేతులు కట్టుకొని కూర్చుంటాను. ఇరవై ఏళ్ళ కిందట అశ్వత్థమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇంకా ఆరలేదు.

మీరామెను చూడలేదు కాబట్టి చెబుతాను. మనిషి నాలుగున్నర అడుగులు. కోపం నాలుగు అంతస్తులు. ఆమె నంది కొండమీద నిలబడి ఎవరినైనా గద్దిస్తే, గౌరిబిదనూరు స్టేషన్లో హిందూపురం రైలు తప్పు తనదేనేమోనని బెదిరి ఆగిపోయేదని నా గట్టి నమ్మకం. విదురాశ్వత్థంలో నాగప్రతిష్ఠ చేయించాక పుట్టిందని ఇంట్లోవాళ్ళు ఆ పేరు పెట్టారట. పేరు అక్కడి రావిచెట్టుదే గానీ బుస మాత్రం కింద ఉండే రాతి నాగులది. ముప్పై ఏళ్ళు తాలూకా కచేరిలో, అంటే సర్కారు ఆఫీసులో, రికార్డు రూము పనిచేసి, రిటైరైనాక బాగేపల్లిలో ఇంటి వసారాలో ఒక బల్ల, ఒక భూతద్దం పెట్టుకొని కూర్చునేది. ఎవరింట్లో పాత కాగితం బయటపడినా, చెదలు తిన్న చేవ్రాత అర్థంకాక ఆమె దగ్గరికే తెచ్చేవారు. ఆమె చదివి చెప్పేది. ఆపైన తెచ్చినవాణ్ణి కడిగేసేది. తీసుకునేది ఏమీ లేదు, చీవాట్లు మాత్రం ధారాళంగా పెట్టేది.

నేనప్పటికి ముప్పైనాలుగేళ్ళ మొనగాణ్ణి. చిక్కబళ్ళాపురం ఇంకా జిల్లా కాలేదు, కోలారు కిందే ఉండేది. అక్కడొక ప్రైవేటు స్కూల్లో కన్నడ మేష్టరుగా ఉంటూ, పెళ్ళిళ్ళలోనూ వార్షికోత్సవాల్లోనూ జనాన్ని నవ్వించి పేరు తెచ్చుకున్నాను. నాకున్న జబ్బు ఒకటే. ఏ సంగతైనా నా నోట్లోంచి బయటికి వచ్చేసరికి మూడింతలవుతుంది. ఆ జబ్బు ముదిరి, మా వంశ చరిత్ర రాయాలన్న పురుగు తొలిచింది. మా పూర్వీకుడొకడు పాళెగాడి గుర్రాలకు గడ్డి వేసేవాడని ఇంట్లో ఒక మాట ఉండేది. నేనతన్ని రెండో పేజీలో అశ్వదళానికి అధిపతిని చేశాను. నాలుగో పేజీకి వచ్చేసరికి పాళెగాడే ఇతని సలహా లేకుండా మీసం దువ్వడం లేదు.

అన్నీ గొప్పలేనా, ఒక ఆధారమైనా ఉండొద్దా అని మా గంగప్ప తాత జనన దాఖలె కోసం కచేరికి పోయాను. తాతకు అప్పటికి తొంభై దగ్గర. గుడ్డమూటల్లోంచి శానుభోగుడు, అంటే పాతకాలపు ఊరి లెక్కలరాయుడు, రాసిన రిజిస్టరు తీయించి, మా ఊరి పుట వెతికించి నకలు రాయించుకున్నాను. చూస్తే తల తిరిగింది. బిడ్డ పేరు ఉండాల్సిన చోట ఖాళీ. అదేమంత వింత కాదు, ఆ రోజుల్లో పేరు పెట్టకముందే పుట్టుక రాయించేవారు. తండ్రి పేరు దగ్గర ఒక అడ్డగీత. తల్లి పేరు దగ్గర మా ముత్తవ్వ అక్కమ్మ పేరు లేదు. 'మునెమ్మ, గంపలల్లే కులము' అని ఉంది. వార్త చెప్పినవాడు మా ముత్తాత నంజప్ప. చివర షరా గడిలో, వేరే ఏమైనా చెప్పాల్సి ఉంటే రాసే గడిలో, మూడే మాటలు: 'ఒక సేరు తవుడు.'

బుద్ధి ఉన్నవాడైతే అక్కడ ఆగి ఆలోచిస్తాడు. నాకు బుద్ధికి బదులు హాస్యం ఉండేది. నిలబడినచోటే నవ్వాను. బస్సులో నవ్వాను. ఇంటికొచ్చి, కలం విరిగిపోయేంత ఉత్సాహంతో 'తవుడు తాత' అని ఒక అధ్యాయమే రాశాను. మా ముత్తాత నంజప్ప గంపలమ్మే మునెమ్మ దగ్గర బేరమాడి సేరు తవుడుకు ఒక మొగపిల్లాణ్ణి కొనుక్కొచ్చాడనీ, ఆవు ఆ తవుడు కోసం నెలరోజులు అలిగిందనీ రాశాను. మా ఇంటి నుంచి ఏటా ఉగాదికి మునెమ్మ ఇంటికి చీర పోయే ఆచారం ఒకటి ఉండేది. దాన్ని కూడా లాగి, 'మాలు బాగుందని అమ్మినవారికి బహుమానం' అని చమత్కరించాను. వంద కాపీలు అచ్చువేయించి బంధువులందరికీ పంచాను. అందరూ పొట్టలు పట్టుకున్నారు. నా అంతవాడు లేడనుకున్నాను.

రెండు నెలల తర్వాత బైరప్ప పెద్దనాయన మా ఇంటికి వచ్చాడు. నంజప్ప తమ్ముడికి మనవడు, మా దాయాది. చేతిలో నా పుస్తకం, 'తవుడు తాత' పుట దగ్గర మడత. తాత వసారాలో నులకమంచం మీద కూర్చొని ఉన్నాడు.

"ఏమప్పా సీనప్పా, శానా బాగా రాసినావు. మా ఇంట్లో ఆడోళ్ళు నగి నగి కండ్లనీళ్ళు పెట్టుకున్యారు. ఊరికే రాసింది గాదు గదా? దాఖలె చూసే రాసినావు గదా?"

"అవును పెద్దనాయనా, నకలు నా దగ్గరే ఉంది" అన్నాను ఛాతీ విరిచి.

"అయితే సరి. వచ్చే నెల దేవర ఉండాది. గంపలోళ్ళ కాడ తవుడుకు కొన్న మనిషి చేతికి అమ్మోరి తట్ట యాలప్పా ఇచ్చేది? మన కులమేంది, ఆ కులమేంది? ఈ తూరి తట్ట నేను పడతా."

మా ఇంటి దేవర, అంటే కులదేవతకు చేసే జాతర, కొన్నేళ్ళకొకసారి జరుగుతుంది. దాయాదులందరూ కలుస్తారు. వంశంలో అందరికన్నా పెద్దవాడు మొదటి పూజ తట్ట ఎత్తితేనే మిగతావాళ్ళు అమ్మవారి ముందుకు పోవాలి. తాత అప్పటికి మూడు దేవరలకు తట్ట ఎత్తాడు. ఆయనకు పొలం మీద ఆశ లేదు, తిండి మీద ఆశ లేదు. ఈ నాలుగోసారి తట్ట ఎత్తి పోతే చాలని ఏడాదిగా అంటున్నాడు. అలాంటి మనిషి బైరప్ప మాటలన్నీ విని, తువ్వాలు భుజాన వేసుకొని, "ఆవుకు నీళ్ళు పెట్టల్ల" అని లేచి పెరట్లోకి పోయాడు. కాదని మాత్రం అనలేదు. అనలేదు కాబట్టి అది నిజమేననుకున్నాను. నా మీద నాకున్న కోపాలన్నిటిలోకీ పెద్దది ఆ క్షణం మీద ఉన్నది.

మరుసటి రోజే నకలూ పుస్తకమూ తీసుకొని అశ్వత్థమ్మ వసారాలో నిలబడ్డాను. బైరప్ప నోరు మూయించడానికి ఏదైనా కిటుకు చెబుతుందని ఆశ. ఆమె నకలు చూసింది. పుస్తకం చదివింది. భూతద్దం పక్కన పెట్టేసింది.

"ఇది నువ్వే రాసినావా?"

"అవునమ్మా."

"నగుతా రాసినావా?"

"జనం బాగా నవ్వినారమ్మా."

"జనాన్ని అడగలే. నిన్ను అడుగుతాండా." గొంతు మొదటి అంతస్తులోనే ఉంది. "వార్త చెప్పినోడు ఎవురు? చదువు."

"నంజప్ప."

"గంపలల్లే ఆడమనిషికి బిడ్డ పుడితే ఆ ఇంట్లో మొగోళ్ళు లేరా? మీ ముత్తాత పైరు పని ఇడిచిపెట్టి శానుభోగుని కాడికి యాల పోయినాడు? దారినపోతా పోతా చెప్పినాడా? దాని ముందు పుటలు చూసినావా?"

"లేదమ్మా. తాత పుట దొరికింది గదా అని..."

"ఒక్క పుట పట్టుకొచ్చి చరిత్ర అంటావా? సిగ్గుండాదా?" రెండో అంతస్తు. "లెయ్. చెప్పులు తొడుక్కో."

ఆ మధ్యాహ్నమే నన్ను కచేరికి ఈడ్చుకుపోయింది. ఆమె రిటైరై ఆరేళ్ళయినా, గుమ్మంలో ఆమె నీడ పడగానే లోపలున్న గుమాస్తా లేచి నిలబడ్డాడు. ఫ్యాను కూడా కాస్త నిదానంగా తిరిగిందని చెబితే మీరు నమ్మరు. ఈసారి జననాలు కాదు, మరణాల రిజిస్టరు తీయించింది. తాత పుట్టడానికి ముందరి ఏళ్ళ పుటలు తిప్పించి, ఒకచోట వేలు పెట్టింది.

"గట్టిగా చదువు."

"నంజప్ప బిడ్డ, మొగ, ఆరు దినాలు."

ఇంకో ఏడాది పుట. "నంజప్ప బిడ్డ, ఆడ, పదకొండు దినాలు."

ఇంకోటి. "నంజప్ప బిడ్డ, మొగ..." అక్కడ ఆగి మళ్ళీ చూశాను. ముప్పై దినాలు అని ఉంది. నెల బతికాడు. నెలరోజులు ఆ ఇంట్లో ఆశ పెట్టుకొని ఉంటారు.

"ఇప్పుడు నగు" అంది అశ్వత్థమ్మ.

గుమాస్తా తలదించుకున్నాడు. నేను గోడకేసి చూశాను. ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

బయట మెట్లమీద కూర్చొని చెప్పింది. పుట్టిన బిడ్డలు వరసగా పోతే, తర్వాత పుట్టినవాణ్ణి చేటలో వేసి తీసుకుపోయి పెంటదిబ్బమీద పెట్టేవారు. నిండుగా పిల్లలున్న ఒక ఆడమనిషి వచ్చి, ఈ బిడ్డ నాది అని కాస్త తవుడు ఇచ్చి కొనేది. కొని, నా బిడ్డను మీరు సాకండి అని కన్నతల్లికే ఇచ్చేది. ఆ రోజు నుంచి కన్నవాళ్ళు నా కొడుకు అని నోరారా అనకూడదు. సావు వచ్చి వెతికితే ఆ ఇంట్లో వాళ్ళ బిడ్డ లేడు, పరాయి బిడ్డ ఉన్నాడు, అంతే. పల్లెల్లో పెద్దవాళ్ళందరికీ తెలిసిన ఆచారమే. మా ముత్తాత చేసిందల్లా, ఆ మాటను కచేరి దాకా తీసుకుపోవడం.

"దిబ్బకాడ ఒక మాట, సర్కారు పుస్తకంలో ఒక మాట చెప్తే సావుకు తెలిసిపోతాదని భయపడినాడు. మూడు బిడ్డల్ని పూడ్చిన చేతులప్పా అవి. శానుభోగుడు ఏమి చేస్తాడు? లెక్కల్లో అబద్ధం రాయలేడు, ఏడస్తా నిలబడినోణ్ణి పో అనలేడు. చెప్పింది చెప్పినట్ల రాసి, అసలు సంగతి షరాలో పెట్టినాడు. ఎనకొచ్చేటోళ్ళకు బుద్ధి ఉంటాదిలే, అర్థం చేసుకుంటారులే అనుకున్యాడు. ఆయప్ప చేసిన తప్పు అదొక్కటే."

ఉగాది చీర కళ్ళ ముందు ఆడుతోంది.

"ముసలాయన బతికే ఉండాడా?" అని అడిగింది లేస్తూ.

"ఉన్నాడమ్మా. ఇంట్లోనే."

"ఆయప్పను అడిగినావా?"

"లేదు."

నాలుగో అంతస్తు అప్పుడు చూశాను. "ఇంట్లో మనిషి ఉండంగ కాగితాన్ని అడగను వచ్చినావా? రోజూ ఆయప్పతో కలిసి ముద్ద తింటాండావే, ఒక్క తూరి నోరు తెరిచి అడిగేదానికి ఏం రోగమప్పా నీకు? కాగితానికి భయం ఉండదు, సిగ్గుండదు. మనిషికి ఉంటాది. చెప్పినోడు ఎవురు, ఎవురికి చెప్పినాడు, దేనికి భయపడి చెప్పినాడు, ఈ మూడూ తెలీకుండా అక్షరాలు చదివేటోడు మేష్టరా? నీ కాడ చదువుకునే బిడ్డల్ని తలుచుకుంటే నాకు ఏడుపొస్తాంది!" ఎదురుగా బస్టాండులో మూడు బస్సులవాళ్ళు ఇంజన్లు ఆపేసి విన్నారు. ఇందులో రెండు బస్సులు నేను కలిపినవి.

ఆ సాయంత్రం తాత పక్కన కూర్చొని అడిగాను. ఆయన ఆవు ముందుకు గడ్డి తోశాడు.

"నాకు తెలీకుండా ఉంటాదా నాయనా. మా యమ్మ పోయేటప్పుడు నా చేయి పట్టుకొని ఒట్టు పెట్టించుకునింది. ఎవురడిగినా మునెమ్మ కొడుకునని చెప్పల్ల, నా పేరు ఎత్తగూడదు అనింది. అదే చెప్తాండా."

"ఆమె పోయి ఎన్నేళ్ళయింది తాతా! ఇప్పుడింక భయమేమి?"

"తొంబై ఏండ్లు ఉత్తగా బతికినానా?" అన్నాడు. అంతే.

తాత ఒట్టు సంగతి నా నోట విన్న అశ్వత్థమ్మ, దేవర రోజు పిలవకుండానే వచ్చింది. చేతిలో మూడు మరణాల నకళ్ళు. అమ్మవారి గుడి ముందు దాయాదులందరూ కూర్చొని ఉండగా ఒక్కొక్కటే చదివి, ఆచారం సంగతి చెప్పింది. ముసలివాళ్ళు తలలూపారు. బైరప్ప మొహం మాడింది కానీ మనిషి గట్టివాడు.

"అమ్మా, నువ్వు పరాయిదానివి. నీ కాగితాలు నువ్వు పెట్టుకో. ఆయప్పనే చెప్పమను. నంజప్ప కొడుకును, అక్కమ్మ కొడుకును అని ఒక్క మాట. అమ్మోరి ముందర చెప్పితే తట్ట నేనే ఎత్తి చేతిలో పెడతా."

అందరూ తాత వైపు తిరిగారు. పూజారి తట్ట పట్టుకొని నిలబడ్డాడు, "ఎవురి కొడుకువప్పా?" అని మెల్లగా అడిగాడు. నేను తాత మోకాలు నొక్కాను. చెప్పు తాతా, ఒక్క మాట, అని గొణిగాను. తాత లేచి నిలబడి, తువ్వాలు సర్దుకొని, అమ్మవారి కేసి చూసి చెప్పాడు:

"మునెమ్మ కొడుకును. సేరు తవుడుకు కొనింది."

గుడి ముందు గోల లేచింది. బైరప్ప తొడ చరిచాడు. "ఇనుకున్యారా! ఆయప్ప నోటితోనే వచ్చె! ఇంకేం కావల్ల మీకు?"

అప్పుడు అశ్వత్థమ్మ జనాన్ని తోసుకుంటూ నడిమధ్యకు వచ్చింది. ఆ కోపాన్ని నేను పెంచి చెప్పలేను. నా జన్మలో పెంచి చెప్పడానికి వీల్లేకుండా పోయింది అదొక్కటే.

"నోరు ముయ్యప్పా బైరప్పా. తట్ట పోతాదని తెలుసు ఆయప్పకు. మీరంతా నగుతారని తెలుసు. అయినా కన్నతల్లి అక్కమ్మకిచ్చిన మాట దాటలే. ముసలితనం వచ్చినా దాటలే, అమ్మోరి ముందరా దాటలే. ఆ యమ్మ కొడుకు గాకపోతే ఇంగెవురి కొడుకప్పా ఈయప్ప? మీలో ఎవుడన్నా ఉండాడా, అమ్మ మాట అన్నేండ్లు మోసినోడు? ఉంటే రా ముందుకు. వాని చేతికే ఇస్తాం తట్ట."

ఎవరూ రాలేదు. పూజారి తట్టను తాత చేతుల్లో పెట్టాడు. ఆయన తట్ట ఎత్తి అమ్మవారి ముందుకు పోయాడు, కర్పూరం ఆరలేదు. బైరప్ప తన వాళ్ళను లేపుకొని వెళ్ళిపోయాడు. ఈ రోజుకీ మా దేవర రెండు చోట్ల జరుగుతుంది, రెండు పొయ్యిలు, రెండు పందిళ్ళు. దానికి కారణం మునెమ్మ కాదు, తవుడు కాదు, నా వంద కాపీలు. ఆ తర్వాత ఇల్లిల్లూ తిరిగి వాటిని వెనక్కి అడుక్కున్నాను. తొంభైకి పైగా దొరికాయి. మిగిలినవి బైరప్ప వాళ్ళ దగ్గర ఉన్నాయి, ఇవ్వరు. వాళ్ళ పిల్లలు వాటిని చదివి ఇంకా నవ్వుతారట. నేను రాసిన వాటిలో అంత కాలం నిలిచింది మరొకటి లేదు. పళ్ళు కొరుక్కోవడం తప్ప దానికి నేను చేయగలిగింది లేదు.

తాత రెండేళ్ళకు పోయాడు. కర్మ జరిపించే అయ్యవారు తల్లి పేరు అడిగితే నేను మునెమ్మ అని చెప్పాను. అశ్వత్థమ్మ ఆ తర్వాత చాలాకాలం బతికి, చివరిదాకా నన్ను చూసినప్పుడల్లా, "ఏమప్పా చరిత్రకారుడా, ఇంట్లో ఎవురినన్నా అడిగినావా?" అని పలకరించేది. నా మీద నాకున్న కోపం తగ్గించుకో అని ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఆమె భూతద్దం ఇప్పుడు నా దగ్గర ఉంది. పాత కాగితాలు పట్టుకొని నా దగ్గరికీ కొందరు వస్తున్నారు. నా జబ్బు పోలేదు, బయట ఇప్పటికీ అన్నిటినీ మూడింతలు చేసి చెబుతాను. కాగితం ముందు కూర్చుంటే మాత్రం ఒక్క అక్షరం పెంచను.

పోయిన నెల చింతామణి నుంచి ఒకమ్మాయి వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతిలో ప్లాస్టిక్ కవరులో వాళ్ళ అవ్వ జనన దాఖలె. తండ్రి పేరు కొట్టేసి పక్కన ఇంకో పేరు రాసి ఉందట. నవ్వుతూ, "అంకుల్, మా ఫ్యామిలీలో పెద్ద సీక్రెట్ ఉన్నట్టుంది" అంది. ఫోనులో తీసిన ఫొటో అప్పటికే కజిన్లందరికీ పంపిందట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీ అవ్వ ఉందా?"

"ఉందంకుల్. నడవలేదు. బయట ఆటోలోనే కూర్చొని ఉంది."

ఆ కవరు విప్పనివ్వలేదు. బ్యాగులో పెట్టించాను. చెప్పులు తొడుక్కొని ఆటో దగ్గరికి పోయి, ఆ ముసలమ్మ పక్కన చోటు చేసుకొని కూర్చున్నాను.